గ్రో టెంటులో వేడి 34 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది

120×120×200 సెంటీమీటర్ల గ్రో టెంటులో (గదిలో దీపం వెలుతురుతో మొక్కలు పెంచే గుడారం) టమాటా పెంచుతున్నాను. 240 వాట్ల ఎల్‌ఈడీ దీపం వెలిగించిన రెండు గంటలకే ఆకుల ఎత్తులో 34 డిగ్రీలు చూపిస్తోంది. గదిలో మాత్రం 27. పై ఆకుల అంచులు పైకి ముడుచుకుంటున్నాయి, పూత రాలుతోంది.

దీపాన్ని రాత్రి వేళకు మార్చి, వెలుతురును 75 శాతానికి తగ్గిస్తే ఒక్క డిగ్రీ దిగింది, అంతే. లోపల పెట్టిన చిన్న ఫ్యాను ఉన్న వేడినే తిప్పుతోంది!

పైనున్న 4 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను వాసన పీల్చే కార్బన్ ఫిల్టరు గుండా గాలిని లాగి, రెండు వంపులున్న గొట్టంతో గది కిటికీ బయటికి పంపుతుంది. టెంటు కింది భాగంలో గాలి వచ్చే కిటికీ ఒకటే తెరిచి ఉంది. ఫ్యాను వేగం పెంచితే టెంటు గోడలు బాగా లోపలికి వంగుతున్నాయి కాబట్టి, వచ్చే గాలి చాలడం లేదని నా అనుమానం.

కింద గాలిని లోపలికి తోసే ఫ్యాను పెట్టాలా, లేక ఎగ్జాస్టునే 6 అంగుళాలదానికి మార్చాలా?