అప్‌డేట్: నెల్లూరులో బోర్డు గేముల సమావేశం జరిగింది!

నెల్లూరులో బోర్డు గేముల సమావేశం పెడితే జనం వస్తారా, ఏ ఆటలు ఉంచాలి అని ఇంతకుముందు అడిగాను. వచ్చారండీ! సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

కాటాన్‌తో మొదలుపెట్టమన్నారు చాలామంది. 1995లో జర్మనీలో వచ్చిన ఈ ఆటలో ఇటుకలు, కలప, గొర్రెలు, గోధుమలు, ఖనిజం మార్చుకుంటూ ఊళ్లు కట్టుకోవాలి. మనవడిని దింపడానికి వచ్చిన ఒక పెద్దాయన గొర్రెల మాట వినగానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఒక ఇటుకకు మూడు గొర్రెలు అడిగితే, "నెల్లూరు గొర్రె ఎంత ఎత్తుంటుందో చూశావా బాబూ? ఒకటి చాలు" అన్నారు. బేరం పావుగంట సాగింది. గెలిచింది ఆయనే.

ఆ ఆనందంలో ఎనిమిది కార్డులు కూడబెట్టారు, అన్నీ గొర్రెలే. అంతలో పాచికల్లో 7 పడింది. ఏడుకు మించి కార్డులున్నవారు సగం వదులుకోవాలన్నది నియమం. "మంద పెంచినందుకు శిక్షా?" అని ఆయన నిలదీశారు. రెండు పాచికలకు 36 రకాల ఫలితాలుంటే ఆరింట్లో 7 వస్తుందని మనవడు లెక్క చెప్పాడు. ఆయన వినలేదు. గొర్రెలు పోయిన మనిషికి గణితం ఎందుకు?

తర్వాత సుద్దముక్కతో నేలమీద పులిజూదం గీసి, మూడు పులులతో మా పదిహేను మేకలనూ ముప్పుతిప్పలు పెట్టారు. ఖరీదైన పెట్టెలన్నీ మూలన పడ్డాయి.

తర్వాతిది ఒంగోలులో. హాలు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. ఫ్యాన్లు మాత్రం నెమ్మదిగా తిరగాలి, కార్డులు ఎగిరిపోతున్నాయి.