డిమెన్షియా మొదలైన అమ్మతో ఎలాంటి వ్యాయామం చేయించాలి?

అందరికీ నమస్కారం. మా అమ్మకి డెబ్భై దాటాయి. అల్జీమర్స్ (డిమెన్షియాలో ఒక రకం) మొదటి దశ అన్నారు. డాక్టరుగారు మందులు రాసి "రోజూ నడిపించండి" అన్నారు, అంతే.

చదివేకొద్దీ అయోమయం పెరిగింది. ఫిన్లాండ్‌లో 60–77 ఏళ్ల 1,260 మందితో జరిగిన ఫింగర్ అధ్యయనంలో వ్యాయామం, ఆహారం, మెదడుకు పదును పెట్టే అభ్యాసాలు, బీపీ అదుపు అన్నీ కలిపి రెండేళ్లు చేయిస్తే ఆలోచనాశక్తి పరీక్షల్లో మెరుగయ్యారట. కానీ వాళ్లకి అప్పటికి డిమెన్షియా లేదు. జబ్బు వచ్చినవాళ్లతో ఇంగ్లండ్‌లో చేసిన డాపా ట్రయల్ (2018) ఫలితం వేరు: 494 మందిలో, నాలుగు నెలలు గట్టి కసరత్తు చేసినవాళ్లకి ఒంట్లో సత్తువ పెరిగింది గానీ మతిమరుపు నెమ్మదించలేదు.

అందుకే జ్ఞాపకశక్తి మీద నాకు ఆశ లేదు. పడిపోకుండా ఉంటే, రాత్రి నిద్రపోతే చాలు.

వీధి చివరి వేపచెట్టు దాకా బాగానే వస్తుంది. అక్కడ ఆగిపోయి "పాలవాడు వచ్చే వేళైంది, పద" అంటుంది. పాకెట్ పాలకి మారి ఎన్నేళ్లయిందో! చెయ్యి పట్టుకుంటే విదిలించేస్తుంది. మోకాళ్ల నొప్పులు కూడా.

ఇలాంటివాళ్లతో కుర్చీలోంచి లేచి కూర్చోవడం వంటివి చేయించినవారున్నారా? మొండికేస్తే ఏం చేశారు? ఫిజియోథెరపిస్టుని ఇంటికి పిలిపిస్తే ఉపయోగమా? పసరు మందుల సలహాలు మాత్రం వద్దండీ, అవి చుట్టాలు ఎప్పుడో ఇచ్చేశారు.