అక్రబ్బీము కనుమ ఎక్కడ? యూదా దక్షిణపు గీత ఎటు గీయాలి?

సండేస్కూల్ మాస్టారు:
అందరికీ వందనాలండీ. ఈ వేసవి వీబీఎస్‌కి (పిల్లల సెలవుల బైబిలు బడికి) ఇశ్రాయేలు గోత్రాల పటం ఫ్లెక్సీ వేయిస్తున్నాం. పైన దాను నుంచి కిందికి అంతా కుదిరింది గానీ, యూదా దక్షిణపు గీత దగ్గర మా సంఘంలో ఇద్దరు పెద్దలు పట్టుపట్టి కూర్చున్నారు. సంఖ్యాకాండము 34లోనూ యెహోషువ 15లోనూ వరస దాదాపు ఒకటే. ఉప్పు సముద్రం (మృత సముద్రం) దక్షిణపు కొసన మొదలై, అక్రబ్బీము కనుమకు దక్షిణంగా తిరిగి, సీను మీదుగా కాదేషు బర్నేయకు దక్షిణంగా పోయి, చివరికి ఐగుప్తు నది పట్టుకుని మహాసముద్రంలో, అంటే మధ్యధరాలో, తేలుతుంది. న్యాయాధిపతులు 1:36లో అమోరీయుల హద్దుకు కూడా ఈ కనుమే మొదలు. ఒకాయన యూట్యూబ్‌లో ‘తేళ్ల కనుమ’ (అక్రబ్బీము అంటే తేళ్లు) వీడియో చూసి, అందులో రాతిమెట్లు ఉన్నాయి, యెహోషువ చెప్పిన చోటు అదే అంటారు. రెండో ఆయన దగ్గర పాత బైబిలు నిఘంటువు ఉంది. దాంట్లో ఆ చోటు ఉప్పు సముద్రానికి బాగా దగ్గరగా, లోయ అడుగునే ఉంది. చుక్క ఎక్కడ పెట్టమంటారు? ప్రెస్సు అబ్బాయి ఫైలు పంపమని తొందరపెడుతున్నాడు.

బెయెర్షెబా అక్క:
వందనాలు మాస్టారూ. మాది కోనసీమ, ఇక్కడ ఇశ్రాయేలులో పెద్దవాళ్లని చూసుకునే పనిలో ఉన్నాను. సెలవు రోజున మా ఇంటివాళ్ల కారులో ఆ దారిన వెళ్లాం. యెరుహాం దాటి, పెద్ద మఖ్తేష్ అనే గిన్నెలాంటి లోయలోంచి బయటపడి తూర్పుకు వస్తే నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. కింద సీను వాగు, ఇక్కడివాళ్లు నహల్ త్సిన్ అంటారు. వాగన్న మాటే గానీ చుక్క నీళ్లు లేవు, అంతా సున్నపు తెలుపు గుట్టలు. ఆ అవతల ఉప్పు సముద్రం నుంచి దక్షిణానికి సాగే అరాబా లోయ మైదానం, దానికీ అవతల ఎదోము కొండలు. 227 నంబరు రోడ్డు మలుపు మీద మలుపు తిరుగుతూ దిగుతుంది. మా ఇంటావిడ కళ్లు మూసుకుని కూర్చుంది. మెట్లు రోడ్డుకి కాస్త పక్కన ఉంటాయి. ఒకచోట బండనే చెక్కారు, ఇంకోచోట రాళ్లు పేర్చి అంచుకి గోడ కట్టారు. ఇక్కడి పాతతరం వాళ్లు ఈ కనుమ పేరు చెబితే యెహోషువని తలచుకోరు, 1954 మార్చి 17ని తలచుకుంటారు. అప్పట్లో దక్షిణపు కొసనున్న ఏలాతు రేవుకి ఇదే దారి. ఏలాతు నుంచి వస్తున్న బస్సు మీద కాల్పులు జరిపి 11 మందిని చంపేశారు. అదలా ఉంచితే, ఆ అంచున నిలబడి చూసినవాళ్లెవరూ ఇది హద్దు కాదనరు. నా ఓటు యూట్యూబ్ పెద్దాయనకే.

పటాల పిచ్చోడు:
అక్కా, మీ కళ్లతో మాకు చూపించారు, సంతోషం. కానీ ఆ మెట్లు యెహోషువకి సాక్ష్యం చెప్పవు. అవి రోమన్ల కాలం నాటివి. అరాబా నుంచి మంప్సిస్ అనే ఊరికి, అంటే ఇప్పటి దిమోనా దగ్గరి మంషీత్‌కి, ఎక్కే దారి అది. పైనా కిందా కనిపించే చిన్న కోటలు కూడా ఆ దారిని కాయడానికి కట్టినవే. ఆ దారి రోమన్లకి అక్కరకొచ్చిందని మెట్లు చెబుతాయి, అంతవరకే.

ఇప్పుడు ఆ కనుమ దగ్గర బోర్డు మీద ఉన్న ‘అక్రబ్బీము’ అనే పేరు సంగతి కూడా అంతే. దక్షిణపు ఎడారి నెగెవ్‌లో కొండలకీ వాగులకీ హీబ్రూ పేర్లు పెట్టడానికి ఇశ్రాయేలు ప్రభుత్వం 1949లో ఒక కమిటీ వేసింది. అంతకు ముందు ఆ కనుమకి స్థానిక అరబ్బీ పేరు నకబ్ ఎస్-సఫా. పాత పేరు నిలిచి ఉండటం చూసి చోటు పట్టుకోలేదు. పండితులు చోటు తేల్చాక బైబిలు పేరు దాని మీద ఎక్కింది. కాబట్టి బోర్డు చూపించి వాదిస్తే చెల్లదు.

ఇక రెండో పెద్దాయన నిఘంటువు. అది బహుశా 19వ శతాబ్దపు మాట మోస్తోంది. 1838లో ఎడ్వర్డ్ రాబిన్సన్ అనే అమెరికా పండితుడు ఆ ప్రాంతమంతా తిరిగాడు. తమాషా ఏంటంటే ఆయన అరాబా నుంచి ఈ సఫా కనుమ గుండానే పైకి ఎక్కాడు. ఎక్కి కూడా దీన్ని అక్రబ్బీము అనలేదు! ఇది బైబిల్లోని హోర్మా ఊరి పాత పేరైన జెఫతు అన్నాడు. అక్రబ్బీము మాత్రం ఉప్పు సముద్రానికి దక్షిణంగా లోయకి అడ్డంగా నిలిచిన తెల్లటి గట్ల వరస అన్నాడు. ఆ తర్వాత ఫ్రెంచి యాత్రికుడు ద సోల్సీ ఇంకా ఉత్తరానికి జరిపి, సముద్రం పడమటి ఒడ్డున జువేరా వాగు కనుమ దగ్గర పెట్టాడు.

కొండ ఎక్కినవాడే కాదన్నాడంటే కారణం ఉండాలి కదా. ఆ కారణం కాదేషు. రాబిన్సన్ లెక్కలో కాదేషు బర్నేయ అరాబాలోనే, ఐన్ ఎల్-వేబే ఊట దగ్గర ఉంది. కాదేషు లోయలో ఉంటే హద్దు గీత కూడా లోయ వెంబడే దిగిపోవాలి. అప్పుడు అక్రబ్బీము లోయకి అడ్డంగా ఉన్న గట్టే అవుతుంది. అయితే 1842లో రోలండ్స్ అనే పాదిరి సీనాయి అంచున ఐన్ కదేస్ ఊట దగ్గర కాదేషు అన్నాడు, 1884లో ట్రంబుల్ అనే అమెరికా రచయిత దానిమీద పెద్ద పుస్తకమే రాశాడు. 1914లో పురావస్తు శాస్త్రవేత్తలు వూలీ, లారెన్సు (అవును, ఆ అరేబియా లారెన్సే, బ్రిటిష్ సైన్యం పటాల పనికి ముసుగుగా వెళ్లాడు) అక్కడికి దగ్గర్లోని ఐన్ ఎల్-కుదేరాత్ వైపు మొగ్గారు. అక్కడ నీళ్లు చాలా ఎక్కువ. ఇవాళ ఎక్కువమంది ఒప్పుకునేది కూడా అదే. కాదేషు అంత పడమటికి జరిగాక, గీత లోయలో ఉండిపోతే కుదరదు. ఎక్కడో ఒకచోట అరాబా పడమటి గోడ ఎక్కి తీరాలి. వచనంలో కనుమ తర్వాత వచ్చేది సీను. ఆ గోడలో సీను వాగు ముంగిట ఉన్న ఎక్కుడు సఫా. కనుమని విడిగా వెతికితే దొరకదు మాస్టారూ. కాదేషుని ఎక్కడ నిలబెడితే దాన్నిబట్టి కనుమ జరుగుతుంది.

అడ్డప్రశ్న:
అంటే పునాది అంతా కాదేషు మీదే ఉందన్నమాట. మరి ఆ పునాది గట్టిదేనా? కుదేరాత్ దిబ్బని 1976 నుంచి 1982 దాకా రుడాల్ఫ్ కోహెన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వాడు. ఒకదాని మీద ఒకటిగా కోటలు బయటపడ్డాయి. వాటిలో అడుగుది కూడా రాజుల కాలం నాటిదే గానీ మోషే నాటిది కాదు. కాదేషు తేలకుండా కనుమ తేలిందంటే ఎలా?

పటాల పిచ్చోడు:
కాదేషులో మోషే నాటి మట్టికుండ దొరకలేదన్నది నిజం. అది నిర్గమ కాలం గురించిన పేచీ. హద్దు రాసినవాడికి కావలసింది కోట కాదు, వినేవాళ్లకి తెలిసిన ఊట. ఎడారిలో ఊట జరగదు.

కాదేషు ఒక్కదాని మీదే ఆధారపడనక్కర్లేదు కూడా. యెహెజ్కేలు 47:19 తీయండి. ఆయనా దక్షిణపు హద్దే చెబుతున్నాడు: తామారు మొదలుకొని మెరీబా కాదేషు ఊటల దాకా, అక్కడినుంచి నది వెంబడి మహాసముద్రం దాకా. చివర రెండు గుర్తులూ అవే, మొదట్లో మాత్రం అక్రబ్బీము బదులు తామారు. ఇశ్రాయేలు పండితుడు యోహనాన్ అహరోనీ తామారుని అరాబాలోని హత్సేవా ఊట దగ్గర పెట్టాడు. అక్కడ రాజుల కాలపు పెద్ద కోట తవ్వకాల్లో బయటపడింది. ఆ ఊట ఈ కొండ గోడకి దిగువన, సఫా ఎక్కేవాడికి అందుబాటులోనే ఉంది. ఒకాయన కింది ఊట పేరు చెప్పాడు, ఇంకొకాయన పైకెక్కే కనుమ పేరు చెప్పాడు. దారి ఒకటే.

సండేస్కూల్ మాస్టారు:
అయితే సఫా మీద చుక్క పెట్టి, గీత దాని మీంచి లాగేయమంటారా?

అడ్డప్రశ్న:
లాగకండి! వచనం మళ్లీ చదవండి మాస్టారూ. గీత కనుమకు ‘దక్షిణంగా’ తిరుగుతుంది. అంటే కనుమ లోపలే, యూదాకే. కాదేషు కూడా అంతే, గీత దానికి దక్షిణంగా పోతుంది. బజారులో అమ్మే బైబిలు పటాల్లో సగం చుక్క మీంచే గీత గీసేస్తాయి.

బెయెర్షెబా అక్క:
హద్దు తగలని చోటుని హద్దులో ఎందుకు చెప్పినట్టు మరి?

అడ్డప్రశ్న:
మన పొలం దస్తావేజులో చెక్కుబందీ ఎలా రాస్తారక్కా? తూర్పున ఫలానావారి కొబ్బరితోట అంటారు. ఆ తోట మన పొలంలో ఉందని కాదు గదా, అందరూ ఎరిగిన గుర్తు కనుక చెబుతారు. ఇక్కడ గుర్తు మనవైపున పడింది, అంతే తేడా.

కతోలిక తమ్ముడు:
మా బైబిల్లో ఇంకో వచనం ఉందండీ, ప్రొటెస్టంటు ప్రతుల్లో ఉండదు. 1 మక్కబీయులు 5:3లో యూదా మక్కబీ ఎదోములోని అక్రబత్తెనె దగ్గర ఏశావు సంతతిని కొట్టాడని ఉంది. క్రీ.పూ. రెండో శతాబ్దంలో కూడా ఆ పేరు బతికే ఉందంటే మీ కాదేషు గొడవ లేకుండానే చోటు తేలినట్టు కాదా?

పటాల పిచ్చోడు:
తమ్ముడూ, అక్కడే చిక్కుంది. అక్రబ అనే ఊరు షెకెముకి, అంటే ఇప్పటి నబ్లుసుకి, ఆగ్నేయంగా ఇంకోటుంది. దాని చుట్టూ ఉన్న తాలూకా పేరు కూడా అక్రబత్తెనే, మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు యోసేపస్ రాస్తాడు. నాలుగో శతాబ్దపు బిషప్పు యుసేబియస్ తన స్థలనామాల పుస్తకంలో ఈ కనుమ గురించి చెబుతూ ఆ ఊరినీ అదే చోట ప్రస్తావిస్తాడు. మక్కబీయుల వచనంలో ఎదోము అన్న మాట ఉంది కాబట్టి దక్షిణం వైపే అనడానికి వీలుంది. కానీ కొందరు పండితులు ఆ యుద్ధాన్ని షెకెము వైపు అక్రబకే కడతారు. ఒకవేళ దక్షిణమే అనుకున్నా, ఏ ఎక్కుడో ఆ వచనం చెప్పదు.

చరిత్ర లెక్చరరు:
మీరంతా చోటు గురించి కొట్టుకుంటున్నారు గానీ, అసలు ఈ గీత ఎవరిది? ఇశ్రాయేలు పండితుడు బెన్యామీను మజారు, ఆయన తర్వాత అహరోనీ చెప్పింది చూడండి. సంఖ్యాకాండము 34లోని కనాను హద్దు, ఇశ్రాయేలు గోత్రాలు నిజంగా నివసించిన నేలతో సరిపోదు. యొర్దాను అవతల రూబేను, గాదు ఉండే చోటు దానిలో లేదు. ఉత్తరాన మాత్రం సిరియా వైపున్న లెబో హమాతు దాకా పోతుంది. ఇది క్రీ.పూ. 13వ శతాబ్దంలో ఐగుప్తు ఏలిన కనాను పరగణా హద్దు అని వాళ్ల వాదం. నదవ్ నఅమాన్ అనే చరిత్రకారుడు ఇంకోవైపు నుంచి వచ్చి, ‘ఐగుప్తు నది’ మామూలుగా అనుకునే సీనాయిలోని వాది అల్-అరీష్ వాగు కాదు, ఇంకా ఉత్తరంగా గాజా దగ్గరి బెసోరు వాగు అన్నాడు. అది ఒప్పుకుంటే పడమటి కొస మొత్తం ముడుచుకుపోతుంది.

సండేస్కూల్ మాస్టారు:
లెక్చరరు గారూ, గౌరవంతోనే చెబుతున్నాను. దేవుడు మోషేకి ఇచ్చిన హద్దుని ఫరో పరగణా చిట్టా అంటే నేను పిల్లలకి చెప్పలేను. యొర్దాను అవతలి రెండున్నర గోత్రాల సంగతి 34వ అధ్యాయమే విడిగా చెబుతుంది, వాళ్లకి ముందే స్వాస్థ్యం దొరికిందని. అందుకని ఆ వాదం నాకు బలంగా కనబడలేదు.

చరిత్ర లెక్చరరు:
నమ్మకం జోలికి నేను పోలేదు మాస్టారూ. అప్పటికే జనం ఎరిగిన హద్దు రాళ్లతోనే వాగ్దానం చెప్పారనుకుంటే మీకు నష్టమేముంది? బెసోరు మాట మాత్రం పటం వేసేవాళ్లు తీసిపారేయకూడదు.

పటాల పిచ్చోడు:
బెసోరు నాకు మాత్రం కుదరదు. కాదేషుకి దక్షిణంగా పోయిన గీత, దారిలో హసరద్దారు, అస్మోను అనే చోట్లు తాకి, మళ్లీ వెనక్కి గాజా దాకా ఉత్తరానికి ఎక్కి రావాలి. కుదేరాత్ వాగు నీళ్లు దొర్లినా దొర్లకపోయినా అల్-అరీష్ వైపే పోతాయి. నేల వాలు చెప్పేదాన్నే గీత చెబుతోంది.

మాస్టారూ, మీ ఫ్లెక్సీకి నా సలహా: సఫా దగ్గర చుక్క పెట్టండి, గీత చుక్కకి కింద నుంచి పోనివ్వండి. ఉప్పు సముద్రం నుంచి కాదేషు దాకా గీతని తెంపులు తెంపులుగా వేయించండి. కొండమీది మెట్ల ఫోటో మాత్రం పక్కన అతికించకండి, పిల్లలు దాన్నే గుర్తుపెట్టుకుంటారు.

సండేస్కూల్ మాస్టారు:
సరే, అలాగే పంపించేస్తున్నాను. యూట్యూబ్ పెద్దాయనకి నేనే నచ్చజెబుతాను. చివరగా ఒకటి, న్యాయాధిపతులు 1:36 కోసం అమోరీయుల హద్దు కూడా అక్కడ రంగు వేయాలా?

పటాల పిచ్చోడు:
వేయొద్దు. గ్రీకు ప్రతుల్లో ఒకదానిలో అమోరీయుల పక్కన ఎదోమీయుల పేరు కూడా ఉంది. చాలామంది అదే అసలు పాఠం అనుకుంటారు. కనుమ దగ్గర మొదలై సెల దాకా అంటే, సెల ఎదోములోదే. పెత్రా అన్నా సరే, బొస్రాకి దగ్గరి సెల అన్నా సరే, అరాబాకి తూర్పునే. ఎదోమీయులైతే అర్థం చక్కగా ఉంటుంది.

అడ్డప్రశ్న:
నాకు మాత్రం మింగుడుపడదు. హీబ్రూ ప్రతిలో అమోరీయులని స్పష్టంగా ఉంటే, చదవడానికి ఇబ్బందిగా ఉందని మార్చేస్తామా? ద్వితీయోపదేశకాండము 1:44 చూడండి. కాదేషు నుంచి మాట వినక ఎక్కిపోయిన ఇశ్రాయేలీయుల్ని తేనెటీగల్లా తరిమింది ఎవరు? ఆ మన్యంలో ఉన్న అమోరీయులే. ఎక్కడిదాకా తరిమారు? శేయీరులో హోర్మా దాకా. రాబిన్సన్ ఆ హోర్మానే మీ సఫా మీద పెట్టాడని మీరే చెప్పారు. ఆయన చోటు తప్పయినా, అమోరీయులు ఆ చుట్టుపక్కల ఉన్నారని వచనమే చెబుతోంది కదా. దానికి జవాబు చెప్పి తర్వాత ఎదోమీయుల్ని తీసుకురండి.