ఎత్తుల పట్టికను ప్రోగ్రాంలో పెడితే జీ++ (సీ++ కంపైలర్) ర్యామ్ అంతా మింగుతున్నది

ఓరుగల్లు_మ్యాప్స్:
వరంగల్ చుట్టుపక్కల చెరువులకు వాననీళ్లు ఎటునుంచి దిగుతయో లెక్కగట్టే ప్రోగ్రాం ఇది. నాసా ఎస్‌ఆర్‌టీఎం (నేల ఎత్తుల కొలతలు) హెచ్‌జీటీ ఫైలు ఎన్17ఈ079ను, అంటే 17-18 ఉత్తర అక్షాంశాలు, 79-80 తూర్పు రేఖాంశాల నడిమి చదరాన్ని, అంకెలుగా మార్చి హెడర్‌లో (వేరే ఫైళ్లు కలుపుకునే ఫైలు) స్టాటిక్ వెక్టర్‌గా పెట్టిన. 3601 వరుసలు, వరుసకు 3601 అంకెలు. నాలుగు సీపీపీ ఫైళ్లు ఆ హెడర్‌ను వాడుకుంటయ్. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో మేక్ -జే4 (నాలుగు ఫైళ్లు ఒకేసారి కంపైల్ చేసే బిల్డ్ కమాండ్) కొడితే మెషీన్ బిగుసుకుపోయి, జీ++ లోపలి కంపైలర్ సీసీ1ప్లస్ 'కిల్డ్' అని వస్తున్నది. -ఓ2 (ఆప్టిమైజేషన్) తీసేసినా అంతే. ర్యామ్ పెంచుడు తప్ప దారి లేదా?

కాజీపేట_లింకర్:
ర్యామ్ కొనకు తమ్మీ. ఫైలులో 2 బైట్లుండే ఒక్క ఎత్తు కంపైలర్ లోపలికి పోతే అంకెకొక టోకెన్ (కంపైలర్ చదివే ముక్క), కామాకొక టోకెన్, విలువకు, అర్రేలో దాని స్థానానికి వేరే రికార్డులు. పదుల బైట్లయితది. అట్లాంటివి 1,29,67,201. ఖర్చంతా చదివే దశలోనే గనుక -ఓ2 తీసినా లాభముండదు. పైగా హెడర్‌లో ఉంది కాబట్టి ఈ పని నాలుగుసార్లు, -జే4 వల్ల ఒకేసారి జరుగుతున్నది. వెక్టర్ అయితే రన్ చేసినప్పుడు ఇంకో కాపీ హీప్‌లోకి (రన్‌లో తీసుకునే మెమరీ) పోతది.

డేటాను కంపైలర్‌కు చూపించనే వద్దు. చిన్న అసెంబ్లీ ఫైలు పెట్టు: రీడ్-ఓన్లీ డేటా సెక్షన్, 2 బైట్ల అలైన్‌మెంట్, మొదలుకు గ్లోబల్ లేబుల్ (వేరే ఫైళ్లకు కనిపించే పేరు), డాట్ ఇన్‌క్‌బిన్‌తో (ఫైలును ఉన్నదున్నట్టు కలిపే ఆదేశం) అసలు హెచ్‌జీటీ ఫైలు, చివరకు ఇంకో గ్లోబల్ లేబుల్. ఆఖర్న నోట్ గ్నూ-స్టాక్ సెక్షన్ మరువకు, లేకుంటే ఎగ్జిక్యూటబుల్ స్టాక్ అని లింకర్ హెచ్చరిస్తది. హెడర్‌లో ఆ లేబుళ్లకు ఎక్స్‌టర్న్ 'సీ' డిక్లరేషన్లు చాలు. రెండు లేబుళ్ల తేడా సరిగ్గా 2,59,34,402 రావాలె. హెచ్‌జీటీ మారితే మేక్‌కు తెలువదు, మేక్‌ఫైల్‌లో డిపెండెన్సీ నువ్వే రాయాలె.

హనుమకొండ_సిస్టమ్స్:
జీసీసీ 15 గానీ క్లాంగ్ 19 గానీ ఉంటే సీ23లో (సీ భాష కొత్త ప్రమాణం) వచ్చిన, ఫైలును కోడ్‌లోకి కలిపే హ్యాష్ ఎంబెడ్ కూడా పనిచేస్తది. అన్‌సైన్డ్ క్యారెక్టర్ అర్రేకే వాడాలె. షార్ట్ అర్రేకు వాడితే ఒక్కో బైటు ఒక్కో ఎత్తు అయి కూర్చుంటది. నన్నడిగితే ఫైలును బయటనే ఉంచి ఎమ్‌మ్యాప్ చేసుడు (రన్‌లో ఫైలును నేరుగా మెమరీలా చదువుడు) మేలు. ఇంకో ఫైలు కలపాలంటే మళ్లీ బిల్డ్ అక్కర లేదు.

ఓరుగల్లు_మ్యాప్స్:
ఇన్‌క్‌బిన్ పెట్టిన అన్నా, బిల్డ్ వెంటనే అయింది. కానీ కోట దగ్గర ఒక చోట ఎత్తు 3073 మీటర్లు చూపిస్తున్నది!

కాజీపేట_లింకర్:
3073 అంటే హెక్స్‌లో 0సీ01. బైట్లు తిప్పితే 010సీ, అంటే 268. హెచ్‌జీటీ బిగ్-ఎండియన్ (పెద్ద బైటు ముందు), నీ ల్యాప్‌టాప్ లిటిల్-ఎండియన్ (చిన్న బైటు ముందు). చదివే చోట రెండు బైట్లను తిప్పే బిల్టిన్ బీస్వాప్16 పెట్టు. తిప్పినంక -32768 వస్తే అక్కడ డేటా లేదన్నట్టు, దాన్ని లెక్కలోకి తీసుకోకు. మొదటి వరుస ఉత్తరం వైపుది: వరుస అంటే 18లోంచి అక్షాంశం తీసేసి 3600తో గుణించినది, కానీ అర్రేలో ఆ వరుసకు పోవాలంటే 3601తో గుణించాలె. ఇంకోటి, వేయి స్తంభాల గుడి 18 డిగ్రీలు దాటి ఉంటది. హనుమకొండ వైపు చెరువులు కావాలంటే ఎన్18ఈ079 కూడా తీసుకో. 18 డిగ్రీల గీత మీది వరుస రెండు ఫైళ్లలోనూ ఉంటది, కలిపేటప్పుడు ఒకటి వదిలెయ్.