వేమన పద్యంలో ‘ఒక్క పోలిక’ అంటే ఏమిటి?

ప్రశ్న:
‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు / చూడ చూడ రుచుల జాడ వేరు’. ఇందులో ‘ఒక్క పోలిక’ అంటే రెండూ అచ్చం ఒకేలా ఉంటాయనా, లేక వాటికి కలిసిన పోలిక ఒక్కటే ఉందనా? రెండో అర్థమే అయితే రుచులు వేరన్నదాంట్లో విశేషం ఏముంది? తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు:
మాష్టారూ, ‘అన్నదమ్ములిద్దరూ ఒక్క పోలిక’ అంటే ఇద్దరిదీ ఒకటే ముఖం అని. ఒకటే కలిసిందని చెప్పాలంటే ‘ఒక్క పోలికే’ అని నొక్కి పలుకుతాం. కాబట్టి నా ఓటు మొదటి అర్థానికి. పైగా ‘చూడ చూడ’లో మంచి చమత్కారం ఉంది. మనం రుచిని కూడా ‘చూస్తాం’ కదా! కంటితో చూస్తే ఒకటే, నాలుకతో చూస్తే వేరు.

లాజిక్ మీద ఆసక్తి ఉన్నవాణ్ణి కాబట్టి ఇంకో మాట. ఈ రెండు పాదాలూ కలిసి ఒక నిరూపణ. రెండు వస్తువులు ఒకటి కావని తేల్చడానికి, ఒకదానికి ఉండి రెండోదానికి లేని గుణం ఒక్కటి చూపిస్తే చాలు. జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ పేరుతో చెప్పుకునే సూత్రం ఇదే. తర్కశాస్త్రవేత్త అలొంజో చర్చ్ 1940లో తన టైప్ థియరీలో (వస్తువుల్ని, గుణాల్ని వేర్వేరు తరగతులుగా విడదీసే తర్కంలో) సమానత్వాన్ని ఈ తీరులోనే నిర్వచించాడు: మొదటిదానికి ఉన్న ఏ గుణమైనా రెండోదానికీ ఉంటే ఆ రెండూ ఒకటే. చిక్కంతా ఆ ‘ఏ గుణమైనా’ దగ్గరే. ఫస్ట్ ఆర్డర్ లాజిక్‌లో ‘ఏ వస్తువైనా’ అనొచ్చు, ‘ఏ గుణమైనా’ అనడానికి వీల్లేదు. అలా అనాలంటే హయ్యర్ ఆర్డర్ లాజిక్‌కి వెళ్లాలి.

సిద్ధాంతాలను వాటంతట అవే నిరూపించే ప్రోగ్రాములకి, అంటే థీరమ్ ప్రూవర్లకి, అక్కడికి వెళ్లగానే చుక్కలు కనిపిస్తాయి. 1965లో రాబిన్‌సన్ రిజల్యూషన్ పద్ధతి తెచ్చాక, ఖాళీలో ఏ వస్తువు పెట్టాలన్నది యంత్రానికి సులువైంది. పొసిగితే మిగతా జవాబులన్నిటినీ తనలో ఇముడ్చుకునే జవాబు ఒకటి దొరుకుతుంది, లేకపోతే పొసగదని తేలిపోతుంది. ఖాళీ గుణానిదైతే అలా కాదు. ‘గ(ఉప్పు)’, ‘రుచి(ఉప్పు)’ రెండూ ఒకటి కావాలి, గ ఏమిటో కనుక్కోమన్నాం అనుకోండి. ‘ఏది ఇస్తే దాని రుచి’ అన్నది ఒక జవాబు. ‘ఏది ఇచ్చినా ఉప్పు రుచే’ అన్నది ఇంకొకటి. రెండూ సరైనవే, ఒకదాంట్లో ఇంకోటి ఇమడదు. రెండోదాన్ని పట్టుకుని కప్పురం దగ్గరికి వెళ్తే అక్కడా ఉప్పు రుచే అంటుంది, తేడా ఎప్పటికీ పట్టుకోలేదు! సమీకరణం ఇంకాస్త మారితే జవాబులకి అంతు ఉండకపోవచ్చు. అసలు జవాబు ఉందో లేదో ప్రతిసారీ తేల్చిచెప్పే పద్ధతి సెకండ్ ఆర్డర్‌లోనే, అంటే హయ్యర్ ఆర్డర్‌లో మొదటి మెట్టు మీదే, అసాధ్యమని 1981లో గోల్డ్‌ఫార్బ్ నిరూపించాడు.

మరో సభ్యుడు:
అన్నా, గుణాన్నే వస్తువుగా మార్చేస్తే సరిపోదా? మనం ‘మంచి’ని ‘మంచితనం’ చేసుకున్నట్టు?

జవాబు:
భలే పట్టావు తమ్ముడూ. చాలాకాలం నడిచింది ఆ దారే. ‘రుచి’ని వస్తువు పేరులా రాసి, ‘దీన్ని దానికి వర్తింపజెయ్’ అనే గుర్తు ఒకటి పెట్టి, మామూలు ప్రూవర్‌కి ఇస్తారు. మనిషి రాసిన నిరూపణల్ని సరిచూసే ఇసబెల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న స్లెడ్జ్‌హామర్ అనే సాధనం ‘ఈ’, వాంపైర్ అనే ప్రూవర్లతో ఇలాగే పని చేయించుకుంది. పని జరుగుతుంది కానీ వాక్యాలు బరువెక్కుతాయి. ఎక్కడ చూసినా అదే గుర్తు కనిపిస్తుంటే ప్రూవర్‌కి ఏది ముఖ్యమో తెలియదు.

అందుకే ఆమ్‌స్టర్‌డామ్‌లో జాస్మిన్ బ్లాంషెట్ బృందం ప్రూవర్లనే లోపలినుంచి మార్చే పనికి దిగింది. ‘ఈ’ ప్రూవర్‌ని తయారుచేసిన స్టెఫాన్ షుల్జ్ కూడా చేయి కలిపారు. 2019లో లాంబ్డా (‘ఏది ఇస్తే దాని రుచి’ లాంటి గుణాన్ని వేరే పేరు పెట్టకుండా రాసే గుర్తు) లేని చిన్న భాషతో మొదలుపెట్టి, 2023 నాటికి లాంబ్డా దాకా వచ్చారు. పాత ఫస్ట్ ఆర్డర్ లెక్కల మీద వేగం తగ్గకూడదన్నది వాళ్ల పట్టుదల. వాళ్లు పనిచేసిన మరో ప్రూవర్ జిపర్‌పొజిషన్, 2020లో ప్రూవర్ల మధ్య జరిగే క్యాస్క్ పోటీలో హయ్యర్ ఆర్డర్ విభాగం గెలిచింది. నన్నడిగితే ఇదే సరైన దారి. ఏళ్ల తరబడి సానబెట్టిన ప్రూవర్‌ని పక్కనపెట్టి మళ్లీ అ ఆల దగ్గర్నుంచి మొదలుపెట్టడం దండగ.

అన్నట్టు, మూడో పాదం చూశారా? ‘పురుషులందు పుణ్య పురుషులు వేరయా’. ఉప్పు, కప్పురాల దగ్గర చూడాల్సిన గుణం ‘రుచి’ అని వేమనే చెప్పేశాడు. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఏ గుణం చూడాలో చెప్పకుండా ఖాళీ వదిలేశాడు. అసలు కష్టమైన లెక్క ఇదే.

ఇంకొకరు:
చర్చ బాగుంది. పిల్లలకి చెప్పేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. నోట్లో వేసుకునేది పచ్చకర్పూరం. ‘కప్పుర విడెం’ అన్న మాటలో ఉన్నది అదే. ఆ సంగతి చెప్పకపోతే పద్యం నిజమో కాదో చూద్దామని దేవుడి గదిలో హారతి కర్పూరం నాలుక మీద పెట్టుకోగలరు!