అప్‌డేట్: ఎడమ చేయి దారికొచ్చింది, నిన్న రిసైటల్‌లో వాయించేశాను

షోపాన్ పియానోకి రాసిన చిన్న పీస్, ఓపస్ 28 నాలుగో ప్రెల్యూడ్‌లో ఎడమ చేతి కార్డ్స్ (ఒకేసారి నొక్కే స్వరాల గుంపులు) కుడి చేతి మెలొడీని మింగేస్తున్నాయి, గ్రూప్ రిసైటల్‌కి వేరే పీస్ తీసుకోనా అని అడిగాను కదా. మార్చలేదు. రెండు వారాలు ఎడమ చేతిని ఒక్కదాన్నే, వేళ్లు కీస్ మీంచి పూర్తిగా లేవకుండా, చాలా నెమ్మదిగా వాయించాను, ఒక కార్డ్ నుంచి ఇంకోదానికి చాలాసార్లు ఒక్క వేలే, అదీ పక్క కీకే జరుగుతుందని అప్పుడు గమనించాను, ఆ స్వరాన్నే వింటూ వాయిస్తే మిగతా మోత దానంతటదే తగ్గింది. స్ట్రెట్టో (వేగం పెంచమని రాసి ఉన్న చోటు) దగ్గర మాత్రం టెన్షన్‌తో ఒక నోట్ తప్పింది, ఆగలేదు. చివరి మూడు కార్డ్స్‌కి ముందు వచ్చే ఆ విరామంలో గదిలో ఎవరూ కదల్లేదు, నాకది చాలు. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండీ.