సమస్య: "పాడనట్టివాఁడె పాట పాడె"

నిర్వాహకుడు:
ఈ వారం ఇస్తున్న సమస్య ఆటవెలదిలోని నాలుగవ పాదం. పాత తెలుగు చిత్రాలను, వాటి పాటలను, ఆ పాటలను ఇంటింటికీ చేర్చిన రేడియోను తలచుకుంటూ మిగిలిన మూడు పాదాలను పూరించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను. ఛందస్సు అందరికీ తెలిసినదే అయినా, కొత్తవారి కోసం ఒక్కసారి చెబుతాను. ఒకటి, మూడు పాదాలలో మూడు సూర్యగణాలు (రెండు మూడు అక్షరాల చిన్న గణాలు), రెండు ఇంద్రగణాలు (మూడు నాలుగు అక్షరాల పెద్ద గణాలు) ఉండాలి. రెండు, నాలుగు పాదాలలో అయిదూ సూర్యగణాలే. ప్రతి పాదంలోనూ నాలుగవ గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వనిసామ్యం, కుదరాలి, కుదరనిచోట ఆ రెండు చోట్లా రెండవ అక్షరాలు కలిసే ప్రాసయతి చెల్లుతుంది. సమస్యాపాదంలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. పాడనివాడు పాడడమేమిటన్న విరోధం ఎక్కడ తీరుతుందో చదువరికి పద్యంలోనే తెలియాలి గాని, పద్యం కింద వివరణ రాసి తీర్చుకోవలసిన అవసరం రాకూడదు.

కృష్ణాతీరం:
రంగరావు పెదవి రసముగాఁ గదిలింప
సత్యగళము వెనుక సందడించె
వింత విందు మ్రింగు వేళలో నసురుఁడై
పాడనట్టివాఁడె పాట పాడె.

1957లో వచ్చిన మాయాబజార్‌లో ఘటోత్కచుడు పెళ్ళివారి వంటలన్నిటినీ ఒక్కడే ఆరగించే సన్నివేశం ఇది. తెరమీద ఎస్.వి. రంగారావు గారు, తెరవెనుక మాధవపెద్ది సత్యం గారు.

నిర్వాహకుడు:
శుభారంభం. గణాలు, యతులు నాలుగు పాదాలలోనూ సరిగా ఉన్నాయి. "సత్యగళము" అనే మాట గాయకుడి పేరునూ చెబుతున్నది, నిజమైన గొంతు ఎవరిదో కూడా చెబుతున్నది. శ్లేష కోసం పాకులాడినట్లు కనిపించకుండా శ్లేష కుదరడం అరుదు. ఆ పాటలో నవ్వు దగ్గరికి వచ్చేసరికి గాయకుడి గొంతు ఎక్కడ ముగిసిందో, నటుడి పొట్ట ఎక్కడ కదిలిందో విడదీయడం నాకు ఇప్పటికీ సాధ్యం కాదు. మీ మొదటి పాదంలోని "రసముగా" అన్న మాట దానికి సరిగ్గా సరిపోయింది.

పాతరికార్డు:
ఘంటసాల నిలిచి గదిలోనఁ బాడఁగాఁ
దెరను దేవదాసు తెలివి వీడెఁ
బెదవి యొకరిదయ్యుఁ బిలిచిన దొకగొంతు
పాడనట్టివాఁడె పాట పాడె.

నిర్వాహకుడు:
రెండవ పాదం చాలా బాగున్నది. ఒక గదిలో మైకు ముందు నిలుచున్న మనిషి స్పృహతో, లెక్కతో, శ్రుతి తప్పకుండా పాడుతుంటే, ఆ పాటకు ఇంకొకచోట ఇంకొక మనిషి మత్తులో తూలిపోతున్నాడు. 1953 నాటి దేవదాసులో అక్కినేని నాగేశ్వరరావు గారి కనురెప్పలు బరువెక్కి వాలుతుంటే ఘంటసాల గారి గొంతు కూడా వాలినట్లే వినిపిస్తుంది, కాని శ్రుతి వాలదు. ఆ తేడాను "గదిలోన", "తెరను" అన్న రెండు మాటలతో పట్టుకున్నారు. మూడవ పాదం మాత్రం నాకు నచ్చలేదు. మొదటి రెండు పాదాలలోనే చిక్కు విడిపోయిన తరువాత, పెదవి ఒకరిది, గొంతు మరొకరిది అని మళ్ళీ విప్పి చెప్పడం ఎందుకు?

తెరవెనుక:
నాకూ మూడవ పాదం మీదనే ఒక సందేహం. అందరు నటులకూ ఘంటసాల గారు ఒక్కరే పాడారన్న అర్థం వచ్చే ప్రమాదం ఉన్నది. 1955లో వచ్చిన మిస్సమ్మలో ఎన్.టి. రామారావు గారికి పాడినది ఏ.ఎం. రాజా గారు. అదే చిత్రంలో రేలంగి గారు తన పాటను తానే పాడుకున్నారు.

పాతరికార్డు:
నా ఉద్దేశం అది కాదు. ఇద్దరు అగ్రనటులకూ ఒకే గొంతు పనిచేసిన తీరు నా మనసులో ఉన్నది. రామారావు గారికి పాడేటప్పుడు ఘంటసాల గారి గొంతులో ఒక బరువు, పద్యం చివర రాగం తీసేటప్పుడు ఒక ఠీవి వినిపిస్తాయి. నాగేశ్వరరావు గారికి పాడేటప్పుడు అదే గొంతు మెత్తబడుతుంది. కళ్ళు మూసుకుని విన్నా తెరమీద ఎవరున్నారో చెప్పవచ్చు. ఆ మాట చెప్పడానికి ఆటవెలది చాలలేదు, సీసం కావాలి.

నిర్వాహకుడు:
అయితే సీసం రాయండి, దాని చివర వచ్చే ఎత్తుగీతిగా ఈ ఆటవెలదినే ఉంచండి. ఎదురుచూస్తాను.

గడ్డిపువ్వు:
అందరికీ నమస్కారం. ఇది నా తొలి పూరణ.

శంకరాభరణముఁ జవిచూపు శాస్త్రిగా
సోమయాజులపుడు మౌనమూనె
బాలు గొంతులోని ప్రాణమ్ముఁ గైకొని
పాడనట్టివాఁడె పాట పాడె.

నిర్వాహకుడు:
స్వాగతం. రెండవ పాదాన్ని విడదీసి చూడండి: సోమ – యాజు – లపుడు – మౌన – మూనె. గణాలు అయిదూ సరిపోయాయి. నాలుగవ గణం "మౌ"తో మొదలవుతున్నది, పాదం "సో"తో మొదలయింది. "సో"కు చ, జ, శ, స వంటి అక్షరాలు ఉ, ఊ, ఒ, ఓ స్వరాలతో రావాలి. ప్రాసయతి అనుకుందామన్నా రెండవ అక్షరాలు మ, న అయినాయి, అవి కుదరవు. "సోమయాజులపుడు చొక్కి నిలిచె" అంటే యతి నిలుస్తుంది.

గడ్డిపువ్వు:
ధన్యవాదాలండీ. కాని "మౌనం" పోతే నా భావం పోతున్నదేమో. తెరమీద ఆయన పెదవి కదిలినా ఆయన గొంతు మౌనంగానే ఉన్నదని చెప్పాలనుకున్నాను.

నిర్వాహకుడు:
భావం పోలేదు. "పాడనట్టివాఁడె" అన్న సమస్యలోనే ఆ మౌనం ఉన్నది, రెండుసార్లు చెప్పనవసరం లేదు. "చొక్కి" అన్నప్పుడు పాటలో మునిగిన మనిషి కనిపిస్తాడు. జె.వి. సోమయాజులు గారు నాటకరంగం నుండి వచ్చినవారు. 1980లో శంకరాభరణం విడుదలయ్యేనాటికి ఆయన సినిమా ప్రేక్షకులకు అంతగా పరిచితమైన ముఖం కాదు. శాస్త్రీయ సంగీతంలో క్రమమైన శిక్షణ పొందని బాలసుబ్రహ్మణ్యం గారు కె.వి. మహదేవన్ గారి స్వరరచనలో పాడగా, సంగీత విద్వాంసుడు కాని నటుడు పెదవి కలిపితే, తెలుగుదేశమంతా ఒక మహావిద్వాంసుణ్ణి చూసినట్లు నమ్మింది. మీ మూడవ పాదంలో "ప్రాణమ్ముఁ గైకొని" అన్న మాట ఆ నమ్మకాన్ని అందుకున్నది. దానిని ముట్టుకోకండి.

వేమనపాదం:
సమస్య మీదనే నాకు ఒక అభ్యంతరం ఉన్నది. నటుడు పాడడు, గాయకుడు కనబడడు అన్నది అన్ని కాలాలకూ వర్తించే సూత్రమన్నట్లు పూరణలన్నీ సాగుతున్నాయి. చిత్తూరు నాగయ్య గారు 1946లో త్యాగయ్యను తానే తీసి, తానే నటించి, తానే పాడారు. 1947లో వచ్చిన యోగివేమనలో ఆయన వేమనగా కనిపించి తన గొంతుతోనే పాడారు. ఆటవెలదిలో పద్యం రాస్తూ వేమనను పాడిన నటుణ్ణి మరిచిపోవడం ఏమి న్యాయం?

నిర్వాహకుడు:
న్యాయమైన మాటే. అయితే ఈ సమస్యకు నాగయ్య గారు లొంగరు, ఎందుకంటే ఆయన పాడగలిగినవాడు, పాడినవాడు. ఆయన మీద పద్యం వేరుగా రావలసిందే. ఆయన గొంతులో నాకు ఎక్కువ ఇష్టమైనది తొందర లేకపోవడం. పద్యపాదం చివర ఆగి, మాట అర్థం మనలోకి దిగేదాకా ఊరుకుని, అప్పుడు తరువాతి పాదం ఎత్తుకుంటారు. నటుడే పాడుతున్నప్పుడు ఆ విరామం అతని ముఖం మీద కూడా ఉంటుంది.

మురిపెం:
మీరు సమస్యలో "వాఁడె" అని పెట్టి సుశీల గారికి, లీల గారికి, జానకి గారికి తలుపు మూసేశారు. "పాడనట్టి యామె" అని మార్చుకునే వీలు ఇవ్వరా?

నిర్వాహకుడు:
ఇవ్వనమ్మా. తలుపు మూసి ఉన్నదని అనుకుంటున్నారు గాని, కిటికీ ఒకటి ఉన్నది, వెతకండి.

మురిపెం:
దొరికింది!

చెలువ మేనఁ దాఁగి చిందాడె మాయతో
భీమసుతుఁడు పెండ్లిపీట చెంత
సొగసు పెదవి మీఁద సుస్వర మాడించి
పాడనట్టివాఁడె పాట పాడె.

నిర్వాహకుడు:
ఇంతవరకు వచ్చిన పూరణలలో నన్ను నిలబెట్టినది ఇదే. మళ్ళీ మాయాబజారే, కాని ఇక్కడ ముసుగుల మీద ముసుగులు ఉన్నాయి. కథలో శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. తెరమీద ఆ ఇద్దరుగానూ కనిపిస్తున్నది సావిత్రి గారు. వినిపిస్తున్నది సుశీల గారి గొంతు, నడుమ నడుమ తొంగిచూసేది ఘంటసాల గారి గొంతు. ఆ పాటలో సావిత్రి గారిని గమనించండి. నడుము తిప్పడం, జడ పట్టుకోవడం ఆడపిల్లవే. ఎవరూ చూడడం లేదనుకున్న క్షణంలో భుజాలు ఒక్కసారి వెడల్పవుతాయి, అడుగు బరువుగా పడుతుంది. రంగారావు గారి నడకను సావిత్రి గారు అలా చూపి, మళ్ళీ వెంటనే సిగ్గుపడతారు. "వాఁడె" అన్న పుంలింగానికి ఇంతకంటె మంచి సమర్థన దొరకదు. "చెలువ" బదులు శశిరేఖ పేరే పడితే ఇంకా స్పష్టంగా ఉండేదని ఎవరైనా అనవచ్చు, నేను అనను. పెండ్లిపీట చెంత భీమసుతుడు అన్న తరువాత ఇంకెవరి పేరూ చెప్పనక్కరలేదు.

తెరవెనుక:
ఆ పాట తెలియని పిల్లలకు ఈ పద్యం అర్థమవుతుందా?

నిర్వాహకుడు:
వెళ్ళి ఆ పాట చూస్తారు. పద్యం వారిని అక్కడికి పంపితే అంతకంటె ఏమి కావాలి?

సాయంకాలశ్రోత:
తాత మరచెఁ బేర్లు తనవారి నెల్లను
మౌనమందె పొద్దు మలిఁగిపోయెఁ
బాత చిత్రగీతిఁ బలుకంగ రేడియో
పాడనట్టివాఁడె పాట పాడె.

నిర్వాహకుడు:
నటుడు, గాయకుడు అన్న దారిని వదిలి ఇంట్లోకి వచ్చారు. బ్రతుకంతా ఒక్క కూనిరాగమైనా తీయని పెద్దమనిషి, తనవాళ్ళ పేర్లు కూడా జారిపోయిన తరువాత, రేడియోలో జనరంజని కార్యక్రమంలో వచ్చిన పాటకు పల్లవి అందుకోవడం చాలామంది ఇళ్ళలో జరిగిన సంగతే. మొదటి పాదంలో మాత్రం అన్వయం కుంటుతున్నది. "పేర్లు" ఒక కర్మ, "తనవారి నెల్లను" మరొక కర్మ అయినాయి. "తాత మరచిపోయెఁ దనవారి పేర్లెల్ల" అని చూడండి. యతి "తా"కు "ద"తో చక్కగా కుదురుతుంది, వాక్యమూ నిటారుగా నిలబడుతుంది.

పాతరికార్డు:
ఏ పాటో చెప్పి ఉంటే బాగుండేది. "పాత చిత్రగీతి" అన్నది మరీ మూటగట్టిన మాట.

సాయంకాలశ్రోత:
సవరణకు కృతజ్ఞతలు. నా మనసులో ఉన్నది 1962 నాటి మురిపించే మువ్వలు చిత్రంలో జానకి గారు నాదస్వరంతో పోటీపడి పాడిన పాట. ఆ సన్నాయి వరుసలను అందుకోవడం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టి, తాతగారు దానిని పాడారంటే మీరు నమ్మరని పేరు దాచాను.

నిర్వాహకుడు:
దాచి మంచిపని చేశారు.

రీలుపెట్టె:
నేఁడు సభల నిలిచి నిన్నటి చిత్రాల
ఘనతఁ జాటి చాటి కన్నులొత్తెఁ
బాత రీలు చెమ్మ పాలైన నొకటిఁ గా-
పాడనట్టివాఁడె పాట పాడె.

నిర్వాహకుడు:
విఱుపు! సమస్యకు ముందు "కా" చేర్చి, సంధివల్ల వచ్చిన "గా"ను మూడవ పాదం చివర దాచి, "పాడనట్టివాఁడు" అన్నవాణ్ణి "కాపాడనట్టివాఁడు" చేశారు. ఒక్క అక్షరం మారలేదు, యతి చెడలేదు, విరోధం మొత్తం మాయమయింది. సమస్య ఇచ్చేనాటికి నాకు కూడా ఈ దారి తోచలేదని చెప్పడానికి సంకోచం లేదు.

తెరవెనుక:
పద్యం బాగున్నది, కాని అభియోగం కొంచెం కటువుగా లేదూ? అభిమానులు సభలు పెట్టకపోతే ఆ చిత్రాల పేర్లైనా ఎవరికి గుర్తుంటాయి?

రీలుపెట్టె:
కటువుగానే ఉండాలండీ. హెచ్.ఎం. రెడ్డి గారు తీసిన 1932 నాటి భక్తప్రహ్లాద మన తొలి పూర్తి తెలుగు మాటల చిత్రం. దాని ప్రతి నేడు ఎక్కడా లేదు. ఆ కాలపు నైట్రేట్ ఫిల్ము తనంతట తానే శిథిలమవుతుంది, నిప్పు అంటుకుంటే ఆగదు. తరువాత వచ్చిన అసిటేట్ ఫిల్ము వేడికీ చెమ్మకూ కుళ్ళుతుంది. అలాంటి డబ్బా మూత తీస్తే ముందుగా తగిలేది పుల్లటి వెనిగర్ వాసన. ఆపైన ఫిల్ము ముడుచుకుపోయి, యంత్రం పళ్ళకు దాని రంధ్రాలు అందవు. పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో గాని ఏర్పడలేదు. అప్పటికే మనది చాలా పోయింది. పాటలు గ్రామఫోను రికార్డుల మీద వేరుగా వచ్చాయి కాబట్టి, బొమ్మ పోయిన కొన్ని చిత్రాలకు పాట మాత్రం మిగిలింది.

నిర్వాహకుడు:
ఈ వివరణ లేకపోయినా పద్యం నిలబడుతుంది, ఉంటే ఇంకా గట్టిగా తగులుతుంది. ఒక చిన్న సూచన: "కన్నులొత్తె" అంటే ఎవరి కన్నులో తెలియదు, తన కన్నులు తాను తుడుచుకున్నాడన్న అర్థానికి "ఒత్తుకొనె" అనడం వాడుక. కాని గణం అందుకు చోటివ్వదు. సభలో నిలుచున్నవాడు ఇతరుల కన్నులు కూడా ఒత్తించాడనుకుంటే ఇప్పుడున్న రూపమే ఎక్కువ చురుక్కుమంటుంది. ఉండనివ్వండి.

ఈ వారపు ఉత్తమ పూరణలుగా మురిపెం గారిదీ, రీలుపెట్టె గారిదీ ఎంచుకున్నాను. పాతరికార్డు గారి సీసం వచ్చేదాకా మూడవ స్థానం ఖాళీగా ఉంటుంది.

వచ్చే వారానికి సమస్య, మళ్ళీ ఆటవెలదిలోనే: "వాన లేక తడిసె వనిత కొంగు". స్టూడియోలో గొట్టాలతో కురిపించే వాన గురించి ఆలోచించండి. కన్నీళ్ళతో తడిసిందని ఎవరూ పూరించవద్దని ముందుగానే మనవి చేస్తున్నాను.